వనామిగారితో ఒక మాట

మా సత్యం మాస్టారికి డెబ్బయ్యొక్క ఏళ్ళు. ఇన్నేళ్ళలో ఆయన ఒక్క మనిషిని కూడా తిట్టలేదు. అలాగని తిట్టడమే రాదనుకునేరు. రోజుకి పాతిక తిట్లకి తక్కువ కాకుండా తిడతారు. కాకపోతే తిట్టాల్సిన మనిషిని వదిలేసి, ఆ మనిషి పక్కన ఏముంటే దాన్ని తిడతారు. అదీ గారు పెట్టి, అండీ పెట్టి, కొత్తల్లుడితో మాట్లాడినంత మర్యాదగా.

హోటల్లో ఇడ్లీ గట్టిగా ఉందనుకోండి. హోటలాయనకేసి చూడనైనా చూడరు. ప్లేటు ఎత్తి మొహానికి దగ్గరగా పెట్టుకుని, "ఇడ్లీగారూ, తవరు నిన్నటివారా, మొన్నటివారాండి? పెద్దవారైపోయేరు. ఇంకా ఈ ఉద్యోగం ఎందుకండి తవరికి?" అంటారు. హోటలాయన లోపలికి పరిగెత్తి వేడివి తెస్తాడు. ఒక ఆదివారం చర్చిలో ప్రసంగం రెండో గంటలో పడింది. మాస్టారు బయటికి వస్తూ మైకు ముందు ఆగి, "మైకుగారూ, గొంతు జాగ్రత్తండి. ఇంకా చాలా ఆదివారాలు మాట్లాడాల్సినవారు" అన్నారు. పై వారం నలభై నిమిషాల్లో అందరం ఇళ్ళకి వెళ్ళిపోయాం.

ఆయన మా హైస్కూల్లో ముప్ఫై నాలుగేళ్ళు డ్రిల్లు మాస్టారు. రిటైరై పదమూడేళ్ళయినా మెళ్ళో విజిల్ అలాగే ఉంది. కూచోవడం ఆయనకి చేతకాదు. టీ నడుస్తూ తాగుతారు. ఒలికిపోతుందని టీకొట్టు అమ్మాజీగారు ఆయనకి అరగ్లాసే పోసి, రెండో అరగ్లాసు ఆయన చుట్టు తిరిగొచ్చేసరికి సిద్ధంగా పెడుతుంది. ఆయనతో ఏం మాట్లాడాలన్నా పక్కన నడవాల్సిందే. మా వీధిలో కొంతమందికి షుగరు తగ్గింది మందుల వల్ల కాదు, మాస్టారితో లోకాభిరామాయణం వల్ల.

నేను బ్లెస్సీని. ఆయన దగ్గర అయిదేళ్ళు వాలీబాల్ ఆడి, తర్వాత పశువైద్యం చదివి, తిరిగి మా మండలానికే డాక్టరుగా వచ్చాను. ఆరో తరగతిలో నేను సర్వీసు కొడితే బంతి నెట్‌కి తగలడం తప్ప దాటడం ఎరగదు. మాస్టారు నెట్ దగ్గరికి వెళ్ళి నడుం మీద చేతులు పెట్టుకునేవారు. "నెట్టుగారూ, ఆడపిల్ల కష్టపడి కొడుతుంటే అలా అడ్డంగా నిలబడ్డం పద్ధతేనాండి? తవరి ఇంట్లో ఆడపిల్లలు లేరాండి?" జట్టంతా నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. ఇంటికెళ్ళి గోడకి వంద సర్వీసులు కొట్టేదాన్ని.

ఇంతకీ చెప్పాల్సింది గుర్రం సంగతి.

మా ఊరి చివర, ముమ్మిడివరం వైపు, సాయిదుర్గాప్రసాద్‌గారని రొయ్యల రైతు ఉన్నారు. తాతగారు వరి వేశారు, నాన్నగారు కొబ్బరి వేశారు, ఈయన మొత్తం తవ్వించి చెరువులు చేశారు. రొయ్య కలిసొచ్చింది. మనిషి మంచివాడే. కానీ రాజోలు వైపు కొబ్బరి వ్యాపారి వెంకటకృష్ణగారు పందెం గుర్రాన్ని కొన్నారని తెలిసిన రోజు నుంచి ఆయనకి కాలు ఒకచోట నిలవలేదు. దాళ్వా పంట కోతలయ్యాక ఎండిన చేలల్లో మా వైపు గుర్రప్పందేలు పెడుతుంటారు. మొదటి ఏడు వెంకటకృష్ణగారి గుర్రం గెలిచింది. పదిహేను రోజుల్లో ప్రసాద్‌గారి ఇంటి ముందు బెంగుళూరు లారీ ఆగింది. అందులోంచి ఎర్రటి ఆడగుర్రం ఒకటి మహారాణిలా దిగింది. తనని ఇంతవాణ్ణి చేసిన రొయ్య మీద కృతజ్ఞతతో ప్రసాద్‌గారు దానికి ఆ రొయ్య రకం పేరే, వనామి అని పెట్టారు.

పేరుతో ఆగినా బాగుండేది. ఆయనకి తెలిసింది రొయ్యల్ని పెంచడం. గుర్రాన్నీ అలాగే పెంచారు. తాగే తొట్టిలో, చెరువు నీళ్ళలోకి గాలి కొట్టే ఏరేటరు చిన్నది పెట్టించారు. రోజుకి నాలుగుసార్లు మేత వేయించి, చెరువులో మేత మిగిలిందేమోనని చెక్ ట్రే ఎత్తి చూసినట్టు గంటకోసారి తొట్టి తొంగి చూసేవారు. రెండు ఏసీలు, అవి ఆగిపోకుండా ఒక జనరేటరు, జీడిపప్పు, బాదంపప్పు, కాశ్మీరు ఆపిల్. బండారులంక నేతవాళ్ళకి చెప్పి జరీ అంచు దుప్పటి నేయించారు. ఆ దుప్పటి పట్టుకుని ఆయన భార్య భవానీదేవిగారు నాతో అన్నారు:

"చూసేరా డాక్టరుగారూ? ఈ అంచే నా చీరకి కావాలంటే మగ్గం ఖాళీ లేదన్నారండి."

"మరి దీనికెలా ఖాళీ అయిందండి?"

"దీనికి పందెం ఉందిటండి. నాకు లేదుగా."

గుర్రాన్ని చూసుకోడానికి జాషువా అని యాభై దాటిన మనిషి ఉండేవాడు. వాళ్ళ నాన్న అమలాపురంలో జట్కా తోలినవాడు. గుర్రం భాష జాషువాకి చిన్నప్పటి నుంచీ వచ్చు. వనామి రెండు ఏసీల మధ్య నిలబడితే జాషువా బయట జనరేటరు పక్కన, నులకమంచం మీద, దోమల చుట్టతో ఉండేవాడు.

మాస్టారు రోజూ అటువైపే నడుస్తారు. ఒకరోజు గుర్రపుసాల తలుపు తీసి, చల్లగాలి మొహానికి కొట్టగానే ఆగి, లోపలికి వంగారు. పక్కనే ప్రసాద్‌గారు.

"వనామిగారూ, నమస్కారమండి. తవరికి చలేస్తోందేమో కనుక్కుందామని వచ్చేను. బయట జాషువాగారికి ఉక్కపోస్తోందండి. తవరూ తవరూ కాస్త సర్దుకోకూడదాండి?"

"మాస్టారూ, ఆ మాటేదో నాతోనే అనచ్చు కదండి" అన్నారు ప్రసాద్‌గారు.

"అబ్బే, మీతో ఏముందండి? మనం ఎప్పుడూ మాట్లాడుకునేదే. వనామిగారు ఊరికి కొత్త."

మర్నాటికి జాషువాకి ఫ్యాను వచ్చింది. ఏసీ రాలేదు కానీ ఫ్యాను వచ్చింది.

తర్వాత పుట్టినరోజు. గుర్రం ఎప్పుడు పుట్టిందో బెంగుళూరు కాగితాల్లో ఉందట, మా ఖర్మ. రావులపాలెం సెంటరు నుంచి మా ఊరి దాకా ఫ్లెక్సీలు. ఒక్కో ఫ్లెక్సీ మీద శుభాకాంక్షలు చెప్పేవాళ్ళవి ముప్ఫయి ఫొటోలు. వాటితో చోటంతా నిండిపోయి గుర్రానికి మూతి మాత్రమే దొరికింది. ఇరవై కిలోల కేకు, డీజే, పైన తిరిగే డ్రోను. డీజే మోతకి వనామి చెవులు వెనక్కి పెట్టి గోడకి ఆనుకుపోయింది. మాస్టారు కేకు ముక్క చేత్తో పట్టుకుని గుంపులో అటూ ఇటూ తిరుగుతూ దాని దగ్గరికి చేరారు.

"వనామిగారూ, నిండు నూరేళ్ళండి. తవరు పిలిచినవాళ్ళు ఎవరూ రాలేదేంటండి?"

చుట్టుపక్కల నలుగురు నవ్వారు. ప్రసాద్‌గారూ నవ్వారు గానీ, చెయ్యెత్తి డీజే ఆపించారు.

ఇలా ఒకటా రెండా. పందెం దగ్గరపడే కొద్దీ ఖర్చు పెరిగింది, ఖర్చుతో పాటు మాస్టారి నడకా పెరిగింది. పొద్దున్న ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం రెండుసార్లు. వెంకటకృష్ణగారు తన గుర్రపుసాలలో టైల్స్ వేయించారన్న కబురు వచ్చింది. ప్రసాద్‌గారు మూడో రోజున ఇటలీ పాలరాయి దింపించారు. మనుషులు దేవుడి గదిలో కూడా ఆలోచించి వేసుకునే రాయిని గుర్రం కాళ్ళ కింద పరిచి, మొహం కనపడేలా పాలిషు పట్టించారు. మొదటిసారి లోపలికి తీసుకెళ్ళినప్పుడు వనామి కింద ఇంకో గుర్రాన్ని చూసి అరగంట గుమ్మం దాటలేదు.

మాస్టారు తొందర మనిషి కదా, విసురుగా లోపలికి అడుగేసి జర్రున జారి, జాషువాని పట్టుకుని నిలదొక్కుకున్నారు. ఎప్పుడూ ఏదో ఒకటి అనే మనిషి ఆ రోజు ఏమీ అనలేదు. కింద రాయినీ, దాని మీద నాలుగు గిట్టలనీ చాలాసేపు చూశారు. చివరికి, "ఇక్కడెలా నిలబడతారండి తవరు?" అని మాత్రం అడిగారు. ఆ ప్రశ్న అప్పుడు నాకు నవ్వులాటగానే ఉంది. డాక్టర్ని నేను, ముందు నాకు తట్టాల్సింది.

ఆదివారం పందెం అనగా బుధవారం నాకు కబురొచ్చింది. వెళ్ళి చూస్తే వనామి కుడి ముంగాలు వెనక నరం బొటనవేలంత లావున వాచి, ముట్టుకుంటే కాలుతోంది. రాత్రింబవళ్ళు జారకుండా బిగబట్టి నిలబడీ నిలబడీ వచ్చిన వాపు. ఎన్నాళ్ళ నుంచి అని జాషువాని అడిగాను. అతను ప్రసాద్‌గారి వైపోసారి చూసి, "ఈమధ్యేనండి, ఆయ్" అన్నాడు. పడుకుంటోందా అని అడిగితే తల దించుకుని, "వారమైందండి పడుకుని. కాలు మడవబోతే జారుద్దండి" అన్నాడు.

"ఇది పరిగెట్టకూడదండి" అన్నాను.

"ఆదివారం ఒక్కరోజేగా డాక్టరుగారూ. పొద్దున్నే ఒక నొప్పి సూది పొడిచెయ్యండి. నాలుగు నిమిషాల పందెం. తర్వాత మీ ఇష్టం."

సూది పొడిస్తే నొప్పి తెలియదు. నొప్పి తెలియని గుర్రం కాలు దాచుకోకుండా పరిగెడుతుంది. ఆ నరం తెగితే వనామి మళ్ళీ తిన్నగా నడవదు. ఇదంతా నా నాలుక చివరే ఉంది. కానీ అక్కడ షామియానా వాళ్ళున్నారు, పందెం కమిటీవాళ్ళున్నారు, వెయ్యి ప్లేట్ల బిర్యానీకి మసాలా లెక్క చెబుతున్న వంటాయన ఉన్నాడు. అంతమంది ముందు అంత పెద్దమనిషికి కాదని చెప్పాలంటే నోరు రాలేదు. "ఆదివారం పొద్దున్న చూద్దాంలెండి" అని బయటపడ్డాను. సిగ్గుపడుతూనే చెబుతున్నాను, ఆ మాటే అన్నాను.

గేటు బయట మాస్టారు నా స్కూటీ చుట్టూ తిరుగుతున్నారు. లోపల మాట ఆయనకి వినపడిందన్నమాట.

"స్కూటీగారూ, తవరికి హారనుందాండి?"

నేను తాళంచెవి కోసం బ్యాగులో వెతికాను.

"ఉన్నట్టే ఉంది. మంచి కంపెనీదేనండి, చదువుకున్న హారనే. మరి ఎదర మనిషి గోతిలో పడిపోతుంటే మోగరేంటండి?"

నాకు కోపం నసాళానికంటింది. "మాస్టారూ, అనేదేదో నన్ననండి! నా మొహం మీదే అనండి! అసలు నన్నెందుకు, లోపల ప్రసాద్‌గారున్నారు, మీ శిష్యుడేగా. గుర్రానికీ స్కూటీకీ చెబితే పని అవుతుందా? గుర్రం సంతకం పెట్టి పందెం మానుకుంటుందా?"

అంత గట్టిగా ఆయనతో ఎప్పుడూ మాట్లాడలేదు. మాస్టారు నడక ఆపేశారు. ఎదుటివాళ్ళ మాటకి ఆయన కాళ్ళు ఆగగా చూడ్డం నాకదే మొదలు. కోపం వచ్చిందేమోనని భయపడ్డాను. ఆయన అడిగింది వేరు.

"కింద మెత్తగా ఉంటే ఆ వాపు తగ్గుద్దా అమ్మా?"

"తగ్గుతుంది. రెండు నెలలు విశ్రాంతి, కింద అడుగు మందాన మెత్తటి పరుపు. ఇసుకో, పొట్టో. ఆ పాలరాయి మీద ఎవరు పొయ్యనిస్తారు?"

"పొట్టా!" అన్నారు మాస్టారు. మరుక్షణం అక్కడ లేరు.

కోనసీమలో కొబ్బరి పొట్టుకి కరువేమిటి? పీచు మిల్లుల పక్కన గుట్టలు గుట్టలుగా పడుంటుంది. ఎవరైనా తీసుకెళ్తే మిల్లువాళ్ళు దణ్ణం పెడతారు. శుక్రవారం ప్రసాద్‌గారు బాణసంచా పని మీద రావులపాలెం వెళ్ళారు. ఆయన కారు అటు వెళ్ళగానే, ఇటు నుంచి ఎండిన పొట్టుతో ట్రాలీ ఆటోలు వచ్చాయి. ఏడు ఆటోలు. ముందు ఆటోలో డ్రైవరు పక్కన కూచోలేక, మాస్టారు దాని ముందు విజిల్ వేసుకుంటూ నడిచొచ్చారు. నన్నూ పిలిచారు. నేను వెళ్ళేసరికి జాషువా, ఆయనా మోకాళ్ళ దాకా గోధుమరంగులో మునిగిపోయి, ఇటలీ పాలరాయి మీద అడుగు మందాన పొట్టు పరిచేశారు. ఏసీలు ఆపి కిటికీలు తెరిచారు.

వనామి ఒక కాలు పెట్టి చూసింది. వాసన చూసింది. చుట్టూ ఒకసారి తిరిగి, మోకాళ్ళు వంచి, అమాంతం కూలబడి పొర్లింది. వీపు రుద్దుకుంది. తర్వాత మెడ చాచి పడుకుని, అయిదు నిమిషాల్లో గుర్రు పెట్టింది. జాషువా కళ్ళు తుడుచుకున్నాడు. "వారమైందండి మాస్టారూ" అన్నాడు. నా కళ్ళూ తడిశాయి. పొట్టు దుమ్మని చెప్పుకున్నాను.

అంతలో కారు హారను. ప్రసాద్‌గారు పనవక మధ్యదారిలోనే తిరిగొచ్చారట. వెనక ఇద్దరు కమిటీవాళ్ళు, ఒక డ్రోను కెమెరా అతను. గుమ్మంలో ఆగి ఆయన చూసిన చూపు నేను మర్చిపోలేను.

"ఎవరు? ఇంత ఖరీదు పెట్టి రాయి వేయిస్తే దాని మీద పొట్టు పోసిందెవరు?"

"నేనేనండి బాబుగారూ" అన్నాడు జాషువా, మాస్టారికి అడ్డంగా వచ్చి. "నాకే బుద్ధి పుట్టిందండి, ఆయ్."

"అయితే సంచి సర్దుకో. ఇవాళే వెళ్ళిపో."

జాషువా కిక్కురుమనకుండా బయటికెళ్ళి మంచం కింద నుంచి సంచి తీశాడు. మాస్టారు గబగబా ముందుకొచ్చి, పడుకున్న గుర్రం వైపు తిరిగారు. "వనామిగారూ..."

"గుర్రంతో కాదండి మాస్టారూ!" ప్రసాద్‌గారు అరిచారు. "నాతో మాట్లాడండి! ఏడాది నుంచి దానితోనే చెబుతున్నారు, ఊరంతా నవ్వుతున్నారు. నా మొహం చూసి చెప్పండి. నేను చేసిన తప్పేంటో అందరి ముందూ చెప్పండి!"

తొట్టిలో ఏరేటరు ఒక్కటే గుడగుడలాడుతోంది. నిజం చెప్పాలంటే నేను లోలోపల పొంగిపోయాను. ఇన్నాళ్ళకి మాస్టారు నేరుగా కడిగేస్తారు. మనిషికి ఫ్యాను, గుర్రానికి ఏసీలా అనచ్చు. భార్యకి లేని జరీ అంచు దీనికా అనచ్చు. పేరు కోసం నోరులేని జీవాన్ని చంపుతావా అనచ్చు. ఒక్కటి అన్నా చాలు, ప్రసాద్‌గారి తల నేలకి దిగిపోతుంది.

మాస్టారు విజిల్ పట్టుకుని పొట్టులో అటు మూడడుగులు, ఇటు మూడడుగులు వేశారు. తర్వాత వంగి, రెండు చేతులతో పొట్టు పక్కకి తోసి, అరచేతంత పాలరాయి బయట పెట్టారు. అది తళుక్కుమంది.

"రాయిగారూ" అన్నారు. "తవరు ఎక్కడో ఇటలీలో పుట్టేరు. తవరికి గుర్రం సంగతి తెలీదు, మా సంగతి అంతకన్నా తెలీదు. ఈయన వనామిగారిని కన్నకూతుర్లా చూసుకుందామని తవర్ని అంతదూరం నుంచి పిలిపించుకున్నారండి. తవరేం చేసేరు? నున్నగా నవ్వి కాలు జార్చేరు. ఇంత మంచి మనసున్న మనిషిని మోసం చేసేరు. తప్పంతా తవరిదండి. వారం రోజులు గోడకుర్చీ వెయ్యండి."

నేను ప్రసాద్‌గారి మొహం చూస్తున్నాను. అరిచినప్పుడు బిగుసుకున్న దవడ మెల్లగా వదులైంది. పెదవి వణికింది. ఏడుస్తారనుకున్నాను, నవ్వారు. "కర్రకి కూడా ఇదే శిక్ష వేసేరు కదండి మాస్టారూ" అన్నారు, చాలా మెల్లగా. ఏ కర్రో నాకు తెలియలేదు. కానీ ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదని తెలిసింది. నేను గుర్రం తల దగ్గర కూచున్నాను.

"వనామీ, ఆదివారం నువ్వు పరిగెట్టవమ్మా. సూది నేను వెయ్యను. వేస్తే నీకు నొప్పి తెలీదు, ఆ నరం తెగిపోతుంది. మళ్ళీ నడవలేవు. రెండు నెలలు ఈ పొట్టు మీద హాయిగా పడుకో. ఈ మాట బుధవారమే చెప్పాల్సింది. నేను భయపడ్డాను."

చెప్పేశాక గానీ గమనించలేదు, నేనూ గుర్రంతోనే చెప్పానని. చెప్పేవాళ్ళకీ వినేవాళ్ళకీ అది ఎంత తేలికో కూడా అప్పుడే తెలిసింది.

ప్రసాద్‌గారు వచ్చి నా పక్కన పొట్టులో కూచుని, వాచిన కాలు మీద చెయ్యి వేశారు. తీయలేదు. కమిటీవాళ్ళలో ఒకాయన గొంతు సవరించుకున్నాడు.

"మరి షామియానా అండి? వెయ్యి ప్లేట్ల బిర్యానీ అండి?"

"తినండి. గుర్రం ఎలాగూ తినదు కదండి" అన్నారు ప్రసాద్‌గారు.

గుమ్మం బయట జాషువా సంచి చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. ప్రసాద్‌గారు లేచి అతని దగ్గరికి వెళ్ళారు. తప్పయిందనడం ఆయనకి అలవాటు లేదు. అతని మొహంకేసి చూడబోయి, చూడలేక, చివరికి సంచికేసి చూశారు.

"సంచిగారూ, తవరు లోపలికి పదండి" అన్నారు. సంచి లోపలికి వెళ్ళింది. జాషువా కూడా దాని వెనకే వెళ్ళాడు.

నన్ను గేటు దాకా సాగనంపుతూ ప్రసాద్‌గారు కర్ర సంగతి చెప్పారు. ఎనిమిదో తరగతిలో కొత్తపేటలో రిలే పరుగుట. మా స్కూలు ముందుంది. ఆఖరి మలుపులో ఈయన చేతిలోంచి కర్ర జారిపోయింది. పక్కవాళ్ళు గెలిచారు. తోటి పిల్లలు కొట్టడానికొచ్చారు, హెడ్‌మాస్టారు చెయ్యెత్తారు. సత్యం మాస్టారు పరిగెత్తుకొచ్చి కింద పడ్డ కర్రని చెవి పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో ఎత్తారట.

"ఏమండీ కర్రగారూ, మా ప్రసాద్ చేతిలోంచే జారతారా, ఎంత పొగరండి తవరికి అన్నారండి. బస్సులో కండక్టరుని దానికి అర టిక్కెట్టు అడిగేరు. సీటు ఇవ్వలేదు, దారంతా నిలబెట్టే తెచ్చేరు. వారం రోజులు స్టాఫ్ రూములో గోడకుర్చీ. ఊళ్ళోవాళ్ళు కూడా వచ్చి కర్రని చూసి నవ్వుకుని పోయేరండి. నన్నెవరూ ఒక్క మాట అనలేదు." ఆయన గేటు తీశారు. "ఆ రోజు బస్సెక్కేటప్పుడు, ఇక స్కూలుకి వెళ్ళకూడదనే అనుకున్నానండి. తప్పు కర్రది కాదని నాకు తెలుసు. ఆయనకీ తెలుసు. అయినా మర్నాడు తలెత్తుకునే వెళ్ళేను."

నేను స్కూటీ స్టార్ట్ చేయకుండా అలాగే నిలబడిపోయాను. ఆరో తరగతిలో నెట్ ముందు మాస్టారు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది కళ్ళకి కట్టింది. ఇన్నేళ్ళూ అది హాస్యమనుకున్నాను. ఆ మనిషి మీద నాకెంత ప్రేమో ఆ గేటు దగ్గర తెలిసింది. వెళ్ళి కాళ్ళకి దణ్ణం పెడదామనుకుంటే, ఆయన అప్పటికే అమ్మాజీగారి రెండో అరగ్లాసు దగ్గర ఉన్నారు.

ఆదివారం పందెం జరిగింది. వెంకటకృష్ణగారి గుర్రమే గెలిచింది. వనామి పొట్టు మీద పడుకుని ఆ మైకు మోత విన్నది. వనామిని ఎందుకు దింపలేదో కనుక్కోడానికి రాజోలు నుంచి మనిషి వచ్చి, సాలలో తొంగి చూసి వెళ్ళాడు. పై వారం రాజోలు వైపు పొట్టు ఆటోలు వెళ్ళాయి. అక్కడ అడుగున్నర పోశారని తెలిసి ప్రసాద్‌గారు రెండడుగులు పోయించారు. ఆయన పూర్తిగా మారిపోయారని చెప్పి నేను అబద్ధం ఆడలేను. పొట్టు విషయంలో ఎంత పోటీ పడినా ఎవరికీ నష్టం లేదు కాబట్టి ఊరుకున్నాం. జాషువాకి ఒక గది వచ్చింది, ఒక ఏసీ అందులోకి మారింది. చలేస్తోందంటే జరీ దుప్పటి కూడా అతనికే ఇచ్చేశారు. అదే అంచుతో భవానీదేవిగారికి చీర వచ్చింది. మగ్గం ఖాళీ అయిందట.

పాలరాయిని పెకలించి మా హైస్కూలు ఆటస్థలంలో నాలుగు బల్లలు కట్టించారు. వనామి కాలు నయమయ్యాక, జాషువా దాన్ని రోజూ సాయంత్రం ఆ మైదానంలోనే నడిపించేవాడు. బల్లలు పూర్తయిన రోజున అందరం చేరాం. మాస్టారు వాటి చుట్టూ తిరుగుతూనే ఉన్నారు. కూచోండి మాస్టారూ అని నేనన్నాను, జాషువా అన్నాడు, అమ్మాజీగారు నిండు గ్లాసు టీ తెచ్చి మరీ అంది. అబ్బే అంటూ ఇంకో చుట్టు తిరిగారు.

ప్రసాద్‌గారు వచ్చి బల్ల ముందు చేతులు కట్టుకుని వంగారు.

"బల్లగారూ, మాస్టారు మా కోసం ముప్ఫయ్యేళ్ళ నుంచి తిరుగుతానే ఉన్నారండి. కాసేపు కూచోమని తవరైనా చెప్పండి."

మాస్టారు ఆగారు. బల్లని ఎగాదిగా చూశారు. "తవరికి జార్చే అలవాటుంది కదండి" అన్నారు దానితో.

"పాలిషు తీయించేనండి" అన్నారు ప్రసాద్‌గారు.

మాస్టారు కూచున్నారు. నా గడియారంలో నిమిషమున్నర. అంతలో మైదానం అటు చివర వనామి వాలీబాల్ నెట్ తాడు నమలడం మొదలుపెట్టింది. ఆయన విజిల్ వేసి లేచారు. నాలుగడుగులు వేసి, ఏదో మర్చిపోయినట్టు వెనక్కొచ్చి బల్ల మీద చెయ్యి వేశారు.

"బల్లగారూ, చాలా బాగుందని మా ప్రసాద్‌కి చెప్పండి" అన్నారు.

ప్రసాద్‌గారు అక్కడే, మూరెడు దూరంలో ఉన్నారు. "చెప్పిందండి" అన్నారు.